కారవాన్‌లో కళ్ళజోళ్ళాయన

ఆ ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. లారీ వస్తుంది. పెరట్లో ఉన్న కారవాన్‌ని ఎక్కించుకుని వెళ్ళిపోతుంది. తను గేటు దగ్గర నిలబడి, మొహంలో ఏ భావమూ లేకుండా, "జాగ్రత్తగా తీసుకెళ్ళవయ్యా" అంటాడు. తర్వాత స్నానం చేసి, టిఫిను తిని, రోజూలాగే షాపు తెరుస్తాడు. ఇందులో కష్టమైనదల్లా మొహంలో ఏ భావమూ లేకుండా ఉండటమే.

ఆయనకి బజారు మలుపులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. గోడనిండా ఫ్రేములు, అద్దాలు అరగదీసే మిషను, ఎదురుగా పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకి దిగే అట్ట. పెళ్ళయిన మర్నాడే వెళ్ళి షాపు తెరిచిన మనిషి. అలాంటివాడు జీవితంలో చేసిన ఒకే ఒక్క తొందరపాటు పని ఆ కారవాన్ కొనడం. కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు అది. రెండు పడకలు, బుల్లి గ్యాసు పొయ్యి, మడిచిపెట్టే బల్ల. కిటికీలకి పూల కర్టెన్లు వాళ్ళావిడ కుట్టింది. కొన్న రోజున ఇద్దరూ మ్యాపు పరుచుకుని కూర్చుని, ఎక్కడెక్కడికి వెళ్ళాలో వేలితో గీసుకున్నారు. బండి మాత్రం పెరటి గోడ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "వచ్చే సెలవుల్లో తప్పకుండా" అని ఆయన ప్రతి సెలవులకీ అంటూనే వచ్చాడు.

ఆదివారం సాయంత్రాలు మాత్రం ఇద్దరూ అందులో కూర్చుని టీ తాగేవారు. కిటికీలోంచి పక్కింటివాళ్ళ దండెం కనబడేది. "సముద్రం అనుకోండి" అనేది ఆవిడ. నీలం దుప్పటి ఆరేసిన రోజున ఆయన నిజంగానే అనుకోగలిగేవాడు.

అలాంటి బండిని అమ్మడానికి కారణం ఆవిడే. అంటే, ఆయన ఉద్దేశంలో ఆవిడే. ఒక పొద్దున టిఫిను తింటూ ఆయన షాపులో బేరాలు పడిపోయాయనీ, కారవాన్ టైర్లలో గాలి దిగిపోయిందనీ ఏవేవో గొణుక్కుంటున్నాడు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆ హోరులోంచి ఆవిడ గొంతు వినబడింది. "ఎన్నాళ్ళండీ దాన్ని పట్టుకుని వేలాడటం? అమ్మేసి పడేయండి. హాయిగా ఉండొచ్చు!"

ఆయన తింటున్న ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని, తిన్నగా వెళ్ళి అమ్మకం ప్రకటన ఇచ్చేశాడు. చాలా దూరంలో, కొండల అవతల ఊళ్ళో ఉన్న పశువుల డాక్టరమ్మ కొంటానంది. "బండి అమ్మేశాను" అని ఆయన త్యాగమూర్తిలా ప్రకటిస్తే, ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, "మీ ఇష్టం" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా "మీ ఇష్టం" అంటే నిజంగా తన ఇష్టమేననుకున్నాడు ఆయన.

లారీ వచ్చింది. డ్రైవరుది గుబురు మీసం, అంతకంటే గుబురు గొంతు. ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఆ సందులో కళ్ళజోళ్ళాయన మెల్లిగా పెరట్లోకి జారుకున్నాడు. ఆవిడ నేల తుడిచి ఉంటుందని అలవాటు ప్రకారం చెప్పులు బయటే విడిచి, కారవాన్ ఎక్కి, పడక మీద కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని జేబులోంచి నల్లకళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. ముందు రోజు రాత్రి కంటిమీద కునుకు లేదు. ఒక్క నిమిషం నడుం వాలుద్దామనుకున్నాడు.

డ్రైవరు వచ్చి తలుపు ధడాలున వేశాడు. లారీ వెనక పలకలు దించి, ఇనపతాడు తగిలించి, కారవాన్‌ని పైకి లాగి, చుట్టూ బెల్టులు బిగించాడు. "సార్ ఏరమ్మా?" అనడిగాడు.

"చూడలేక ఎక్కడో దాక్కుని ఉంటారు. మీరు బయల్దేరండి" అంది ఆవిడ. ఆవిడ గొంతు కూడా అంత బాగాలేదు.

కళ్ళజోళ్ళాయనకి మంచి కల వచ్చింది. కలలో ఇద్దరూ కారవాన్‌లో ఎక్కడికో పోతున్నారు. బండి కింద రోడ్డు హాయిగా జోకొడుతోంది. నవ్వుతూ కళ్ళు తెరిచి కర్టెను తీస్తే, చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. ఇంకా కలేననుకుని మరికాస్త నవ్వాడు. ఆ తర్వాత గుండె జారి అరికాళ్ళలో పడింది.

తలుపు దగ్గరికి ఉరికాడు. లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. బాగుచెయ్యమని ఆవిడ మొత్తుకున్నప్పుడల్లా, "బయట్నుంచి తెరుచుకుంటోందిగా" అన్నది ఈయనే. తలుపు దానంతటదే తాళం పడే రకం. తాళంచెవి భద్రంగా ఈయన చొక్కా జేబులోనే ఉంది. ఫోను ఇంట్లో చార్జింగు పెట్టి ఉంది. కిటికీ అద్దం తోస్తే, అడ్డంగా బిగించిన బెల్టు వల్ల వేళ్ళు దూరేంత సందు మాత్రమే వచ్చింది. గోడ బాదాడు. డ్రైవరు పాట పాడుతున్నాడు. ఆ పాటకి రాగం లేదు గాని బలం చాలా ఉంది. మధ్యలో ఊపిరి పీల్చుకున్నప్పుడు చప్పుడు చెవిన పడితే, గిన్నెల అర ఊడిందేమోలే అనుకుని అతను చరణం ఎత్తుకున్నాడు.

సిగ్నలు దగ్గర లారీ ఆగింది. పక్కనే కాలేజీ బస్సు. కళ్ళజోళ్ళాయన ప్రాణం లేచొచ్చి, కర్టెను లాగి రెండు చేతులూ ఊపాడు. నల్లకళ్ళద్దాలు తియ్యాలని ఆయనకి తట్టలేదు. జుట్టుకి మొన్ననే నల్లరంగు వేసుకున్నాడు. బస్సులోని ఆడపిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు.

"ఒసేయ్, కారవానే! లోపల హీరో ఉన్నాడే!"

కారవాన్ అంటే సినిమావాళ్ళది తప్ప మామూలు మనుషులకి కూడా ఉంటుందని ఆ పిల్లలకి తెలియదు. 'నేను' అన్నట్టు గుండె మీద తట్టుకుని, 'ఇరుక్కుపోయాను' అన్నట్టు తలుపు చూపించాడు ఆయన.

"గుండె మీద చెయ్యేసుకున్నాడే! మనం ఆయన గుండెల్లో ఉన్నామంట!"

బస్సు బస్సంతా కెవ్వుమంది. అన్ని కిటికీల్లోంచీ ఫోన్లు బయటికొచ్చాయి. ఆకుపచ్చ లైటు పడింది.

ఆ తర్వాత వార్త లారీ కంటే ముందు పరిగెత్తింది. హీరోగారు ఒంటరిగా వెళ్తున్నారన్నది కాస్తా, దిగులుగా వెళ్తున్నారయింది. దిగులు కాస్తా సినిమాలు మానేస్తున్నారయింది. ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక, మధ్యాహ్నం భోజనానికని డ్రైవరు రోడ్డుపక్క హోటలు ముందు బండి ఆపేసరికి, అక్కడ ఇసకేస్తే రాలనంత జనం ఉన్నారు.

"ఇవాళ ఈ హోటల్లో ఏంటి విశేషం?" అంటూ దిగాడు డ్రైవరు.

"హీరోగారు ఏం తింటారు? లోపలికి పంపించాలా?" అన్నాడు హోటలు యజమాని చేతులు తుడుచుకుంటూ.

"ఏ హీరో అండీ? అది ఖాళీ బండి. లోపల పిట్ట కూడా లేదు."

అతని వెనక కర్టెను కదిలింది. జనం గొల్లుమన్నారు. తలుపు బాదుతున్న చప్పుడుకి, హీరోగారు దరువు వేస్తున్నారని కొందరు చప్పట్లు కలిపారు. డ్రైవరు లేరు లేరంటున్నకొద్దీ, ఎంత నమ్మకస్తుడో చూడండని మెచ్చుకున్నారు. ఈలోగా రోడ్డు రెండువైపులా బళ్ళు ఆగిపోవడంతో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జనాన్ని చెదరగొట్టుకుంటూ వచ్చి, డ్రైవరు చెవిలో, "మా అమ్మాయికి ఫోన్లో ఒక్క హలో చెప్పించవయ్యా. బుద్ధిగా చదువుకోమని ఒక్క మాట. నేను చెబితే వినదు" అన్నాడు.

"సార్, ఒట్టు సార్! ఇది కళ్ళజోళ్ళ షాపాయనది. పశువుల డాక్టరుగారికి తీసుకెళ్తున్నా..." అంటూ డ్రైవరు వెనక్కి తిరిగాడు. కర్టెన్ల మధ్య నల్లకళ్ళద్దాల మొహం ఒకటి అద్దానికి అతుక్కుని ఉంది. డ్రైవరు ఒక్క క్షణం కొయ్యబారిపోయాడు. తర్వాత మీసం దువ్వుకున్నాడు. అతను కూడా నమ్మేశాడు.

సందులోంచి ఎంత అరిచినా ఆ గోలలో ఎవరికీ వినబడకపోయేసరికి, కళ్ళజోళ్ళాయనకి ఒక ఉపాయం తట్టింది. జేబులోంచి తాళంచెవి తీసి, కిటికీ సందులోంచి బయటికి జారవిడిచాడు. డ్రైవరు తీసుకుని తలుపు తీస్తాడని ఆయన ఆశ. కింద నిలబడ్డ ఒక బామ్మగారు దాన్ని గాల్లోనే పట్టుకుంది.

"నాకిచ్చాడు! బాబు నాకే ఇచ్చాడు!" అని తాళంచెవిని కళ్ళకద్దుకుని, చీరకొంగున ముడేసుకుని, చూస్తుండగానే జనంలో కలిసిపోయింది.

కళ్ళజోళ్ళాయన పడక మీద కూలబడ్డాడు. ఆయనకి జనం మీద కోపం రాలేదు, భయమూ వెయ్యలేదు. ఇంట్లో ఆవిడ అన్నం వడ్డించుకుని, తను వస్తాడేమోనని ఎదురుచూస్తూ ఉంటుందన్నది ఒక్కటే మనసులో మెదిలింది.

ఆవిడ అన్నం వండనే లేదు. ఆయన బాత్రూములో లేడు, షాపు తియ్యలేదు, ఫోను ఇంట్లోనే మోగుతోంది. ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి వెళ్ళింది. కారవాన్ ఉండాల్సిన చోట పసుపురంగు తిరిగిన గడ్డీ, దాని పక్కన ఆయన చెప్పులూ ఉన్నాయి. రెండూ ఒద్దికగా, తలుపు ఉండాల్సిన వైపుకి తిరిగి ఉన్నాయి. ఆవిడకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తే అలవాటు డ్రైవరుకి లేదు. వెంటనే తమ్ముణ్ణి పిలిచి కారు తియ్యమంది. దారి వెతుక్కునే శ్రమ వాళ్ళకి లేనేలేదు. ఎవర్నడిగినా, "హీరోగారి బండా? ఇలాగే పోయిందండీ" అని ఉత్సాహంగా చూపించారు.

జనాన్ని తోసుకుంటూ కిటికీ కిందికి వచ్చింది ఆవిడ. ఇన్‌స్పెక్టరు అడ్డం వచ్చాడు. "అమ్మా, హీరోగారు విశ్రాంతిలో ఉన్నారు."

"ఆయన హీరో ఏంటండీ? నా మొగుడు!"

ఇలాంటివి రోజూ చూస్తుంటామన్నట్టు జనంలో కొందరు నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. "ఏమండీ! ముందా కళ్ళద్దాలు తియ్యండి!"

ఆ గొంతు వినగానే కళ్ళజోళ్ళాయన కిటికీ దగ్గరికి వచ్చి, బుద్ధిగా కళ్ళద్దాలు తీశాడు. అప్పటిదాకా హీరోగా ఉన్న మొహం ఒక్కసారిగా ఏడ్చి ఏడ్చి ఉబ్బిన పెద్దమనిషి మొహం అయిపోయింది. జనంలోంచి పెద్ద నిట్టూర్పు లేచింది. సగంమంది వెళ్ళిపోయారు. మిగతా సగం, మొగుడూ పెళ్ళాల తగువు హీరో కంటే బాగుంటుందని ఉండిపోయారు.

"చెప్పులు కూడా లేకుండా ఎక్కడికండీ ప్రయాణం?"

ఆయన సందుకి నోరు ఆనించాడు. "కావాలని రాలేదే. ఆఖరిసారి చూద్దామని ఎక్కాను, నిద్రపట్టేసింది. నువ్వు..."

"నోరు తీసి చెవి పెట్టండి! నేను చెప్పేది వినండి!" ఆయన నోరు తీసి చెవి ఆనించాడు. "అంత ప్రాణం పెట్టుకున్నవారు ఎందుకమ్మారు?"

మళ్ళీ నోరు. "నువ్వేగా అమ్మెయ్యమన్నావు!"

"నేనా? ఎప్పుడన్నాను?"

"మిక్సీ వేస్తూ అన్నావు. ఎన్నాళ్ళు దాన్ని పట్టుకుని వేలాడతారు, అమ్మేసి పడేయండి, హాయిగా ఉండొచ్చు అన్నావు. ప్రతి మాటా గుర్తుంది నాకు."

ఇన్‌స్పెక్టరు విచారణలో దిగిపోయాడు. "ఒక్క నిమిషం. అమ్మా, 'దాన్ని' అంటే దేన్ని?"

ఆవిడ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "షాపుని! నేనన్నది షాపుని!"

కళ్ళజోళ్ళాయన అప్పటికింకా నోరే ఆనించి ఉన్నాడు. "ఏంటీ? వినబడలా!" అన్నాడు.

"షాపునంట సార్!" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు. "షాపునమ్మమంది! బండిని కాదంట!"

హోటల్లో పెనం మీద చుయ్యిమన్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఆయన మెల్లిగా చెవి ఆనించాడు. ఆవిడ ఈసారి అరవలేదు.

"బండి అమ్మేశానని చెప్పిన రోజున నేనేమనుకున్నానో తెలుసా? నాతో ఎక్కడికీ రావడం మీకిష్టం లేదనుకున్నాను. ఎప్పుడు వెళ్దాం, ఎప్పుడు వెళ్దాం అని సతాయిస్తున్నానని, ఇంక అడక్కుండా చేద్దామని అమ్మేశారనుకున్నాను. అందుకే ఇంక అడగలేదు."

కిటికీ సందులోంచి ఆయన వేళ్ళు బయటికొచ్చాయి. ఆవిడ మునివేళ్ళ మీద లేచి వాటిని పట్టుకుంది. మీసాల డ్రైవరు అటు తిరిగి, బాగానే ఉన్న బెల్టుని మళ్ళీ బిగించాడు. ఇన్‌స్పెక్టరు, కూతురికి కలిపిన ఫోను ఇంకా ఆన్‌లోనే ఉందని గుర్తొచ్చి, "తర్వాత చేస్తానమ్మా" అన్నాడు. "కట్ చెయ్యకు నాన్నా, తలుపు తీశారో లేదో చెప్పు" అంది అవతల్నుంచి ఆ అమ్మాయి.

తాళంచెవి బామ్మగారి కొంగులోంచి రావడానికి కాస్త బతిమాలవలసి వచ్చింది. "హీరో కాకపోతే ఏమయింది? ఉంచుకోనా?" అని అడిగింది బామ్మగారు పాపం. బదులుగా కళ్ళజోళ్ళాయన నల్లకళ్ళద్దాలు ఇచ్చేసి సంతోషపెట్టాక ముడి విప్పింది. తలుపు తెరుచుకుంది. ఉత్తకాళ్ళతో మెట్టు దిగబోతున్న మనిషి ముందు ఆవిడ సంచీలోంచి చెప్పుల జత తీసి పెట్టింది.

"ఇక పదండి బావా, ఇంటికి తీసుకెళ్తాను" అన్నాడు బావమరిది.

కళ్ళజోళ్ళాయన కారు వైపు చూశాడు, కారవాన్ వైపు చూశాడు. "డాక్టరమ్మకి మాటిచ్చానే. ఆవిడ ఎదురుచూస్తుంటుంది" అన్నాడు గిల్టీగా.

"ఇచ్చిన మాట ఇచ్చినట్టే. బండి ఇచ్చేద్దాం" అంది ఆవిడ. "కాకపోతే మనమే పట్టుకెళ్ళి ఇద్దాం. దారంతా చూసుకుంటూ."

"మరి షాపో?"

"షాపు నేను చూసుకుంటాలే బావా, నిశ్చింతగా వెళ్ళిరండి" అని బావమరిది అన్న వేగం గమనించే స్థితిలో కళ్ళజోళ్ళాయన లేడు.

కారవాన్‌లో మనుషులు ప్రయాణం చెయ్యకూడదని ఇన్‌స్పెక్టరు గట్టిగా చెప్పి, ఇద్దర్నీ తనే దగ్గరుండి లారీ ముందుసీట్లో ఎక్కించాడు. అంత ఎత్తు నుంచి రోడ్డుని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. నది వంతెన వచ్చింది. పొద్దుతిరుగుడు తోటలు వచ్చాయి. కొండ మలుపులు వచ్చినప్పుడల్లా ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకునేది. మలుపు అయిపోయాక కూడా వదిలేది కాదు. డ్రైవరు పాటకి మొదట చెవులు మూసుకుంది. మర్నాటికి తనూ గొంతు కలిపింది.

కొండల అవతల ఊళ్ళో పశువుల డాక్టరమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఊరూరా తిరిగి వైద్యం చెయ్యడానికట ఆ బండి. లోపలికెళ్ళి చూసి, మడిచిపెట్టే బల్ల మీద చెయ్యి వేసి నొక్కి, "ఒక దూడ బరువు ఆగుతుందిగా?" అనడిగింది. కళ్ళజోళ్ళాయన జవాబు చెప్పకుండా, డాక్టరమ్మ దగ్గర పనిముట్ల పెట్టె అడిగి తీసుకుని, తలుపు ముందు చతికిలబడి, లోపలివైపు పిడి బిగించాడు. ఏళ్ళ తరబడి వాయిదా వేసిన పని పూర్తి కావడానికి కాసేపే పట్టింది. వాళ్ళావిడ పూల కర్టెన్లు ఒకసారి సర్ది, "ఇవి ఉతికినా వెలిసిపోవండీ" అని చెప్పి దిగింది. తిరిగి చూడకూడదని ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరూ చూశారు.

తిరుగు ప్రయాణంలో ఖాళీ లారీ తేలిగ్గా పోతోంది. కళ్ళజోళ్ళాయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. జీవితంలో అంత పెద్ద నిర్ణయం ఎప్పుడూ చెప్పలేదాయన. చివరికి ఆవిడ ఫోను తీసుకుని బావమరిదికి చేశాడు.

"ఏరా, ఒక ముఖ్యమైన విషయం. కాస్త కూర్చుని విను. షాపు ఇంక నువ్వే తీసుకో. బాగా ఆలోచించే చెబుతున్నాను."

"చాలా సంతోషం బావా! కానీ ఇప్పుడు కూర్చోవడం కుదరదు. కొత్త బోర్డు బిగిస్తున్నారు, నిచ్చెన నేనే పట్టుకోవాలి. మళ్ళీ చేస్తాను" అని అతను పెట్టేశాడు.

కళ్ళజోళ్ళాయన ఆవిడ వైపు తిరిగాడు. "బోర్డా? ఇంతలోనే ఎప్పుడు రాయించాడే?"

"ఇంతలో ఎక్కడండీ, రాయించి ఏడాదైంది" అంది ఆవిడ, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "ఇన్నాళ్ళూ మన అటక మీదే ఉంది, గోడకి ఆనించి."

ఆ ఇంట్లో అటకెక్కి సామాన్లు దించేది కళ్ళజోళ్ళాయన ఒక్కడే. ఏడాదిలో ఎన్నిసార్లు ఎక్కాడో, ఆ బోర్డు మాత్రం ఆయన కంట పడలేదు.